మాన్యువల్‌లో లేని పదకొండు మాటలు

మా కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పాటు కస్టమర్లకు ఇచ్చే మాన్యువల్‌లో ఏడో అధ్యాయం నేను రాశాను. అది రాసినందుకే నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. అది రాసినందుకే ఒక పెద్దాయన ఉద్యోగం పోయింది. ఈ రెండో సంగతి ఎవరూ నా ముఖాన అనలేదు, ఆయన కూడా అనలేదు. అందుకని నేనే అంటున్నాను.

అప్పుడు నేను కెనడాలో, టొరొంటోకి తూర్పున ఒషావాలో రెండేళ్ళ కంప్యూటర్ డిప్లొమా చదువుతున్నాను. మన పిల్లలు విమానాల నిండా దిగుతున్న ఏళ్ళవి. ఒక బేస్‌మెంట్‌లో ఆరుగురం ఆడపిల్లలం, ఒక్కటే బాత్రూమ్, ఎవరు ఎన్నింటికి స్నానం చెయ్యాలో గోడ మీద టైమ్‌టేబుల్. గుంటూరు, కరీంనగర్, కడప, ఖమ్మం యాసలన్నీ కలిసి నెల తిరిగేసరికి ఎవరిదీ కాని యాస ఒకటి తయారైంది. మాట్లాడుకునేది మాత్రం ఒకే విషయం. చదువయ్యాక వర్క్ పర్మిట్ ఇస్తారు. అది అయిపోయేలోపు చదివినదానికి తగ్గ ఉద్యోగం ఏడాది చేస్తే పీఆర్‌కి, అంటే ఆ దేశంలోనే స్థిరంగా ఉండిపోవడానికి, అప్లై చెయ్యొచ్చు. దొరక్కపోతే గోదాముల్లో పెట్టెలు మోస్తూ పర్మిట్ మీది తారీఖు చూసుకుంటూ కూర్చోవాలి. మాలో ఇద్దరు అప్పటికే పెట్టెలు మోస్తున్నారు.

నాకు టొరొంటోకి అవతల మిస్సిసాగాలో, ఎయిర్‌పోర్ట్ దగ్గరున్న ఒక చిన్న కంపెనీలో కో-ఆప్ దొరికింది. చదువులో భాగంగా ఎనిమిది నెలలు చేసే ఉద్యోగం అది. పెట్టెలు మొయ్యడం కాదు కానీ పెట్టెల గొడవే. గోదాములో ఏ పెట్టె ఏ అరలో పెట్టాలో, ఏ లారీలోకి ఎక్కించాలో చెప్పే సాఫ్ట్‌వేర్ వాళ్ళది. ఒక్కో గోదాముకి ఒక్కో పద్ధతి ఉంటుంది కాబట్టి, ఆ పద్ధతులు రాసుకోవడానికి కస్టమర్లకి ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఇస్తారు. ఆ భాషని ఇరవై ఏళ్ళ క్రితం ఒక్క మనిషి తయారుచేశాడు. ఆయన ఇంకా అక్కడే, కిటికీ పక్క మూల సీట్లో, నెరిసిన జుట్టుతో, ముదురు నీలం స్వెటర్‌తో కూర్చుని ఉండేవాడు.

మొదటిరోజు మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో పప్పు వేడిచేసుకుంటుంటే నా వెనక నిలబడి, హలో కూడా చెప్పకుండా, తెలుగులో అన్నారు.

"చింతపండు ఎక్కువేసినట్టున్నావ్."

నాకు ఒళ్ళు మండింది. "తినేది నేనే కదండీ" అన్నాను. ఆయన నవ్వి, నాది ఏ ఊరని అడిగారు. ఆయనది నరసాపురం దగ్గర. అమెరికాలో కొన్నేళ్ళు చేసి ఇటు వచ్చారు. ఉండేది విట్బీలో, మా ఒషావాకి పక్క ఊరే. నేను రెండు ట్రైన్లూ ఒక బస్సూ మారి వస్తున్నానని తెలిసి, "రేపట్నుంచి ఆరుంబావుకి కాఫీ షాపు దగ్గర నిలబడు. ఆలస్యమైతే ఆగను" అన్నారు. నిజానికి నేను ఆలస్యమైన ప్రతిసారీ ఆగారు.

ఆఫీసులో అందరూ ఆయన్ని పేరు కుదించి పిలిచేవాళ్ళు. నాకు అలా పిలవడానికి నోరొచ్చేది కాదు. అలాగని అందరి ముందూ అంకుల్ అనలేను. అందుకే మీటింగుల్లో అసలు ఏ పేరూ లేకుండా, ఆయన నావైపు చూసేదాకా ఆగి మాట్లాడేదాన్ని. కారెక్కగానే మళ్ళీ అంకుల్.

కారు స్టార్ట్ చేసే ముందు ఆయన ఒక చెయ్యి స్టీరింగ్ మీద పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు. ప్రయాణం, ఆరోగ్యం, కాల్గరీలో ఉన్న కూతురు, ఇవన్నీ అయ్యాక చివర్లో "ఈ బిడ్డ ఉద్యోగం స్థిరపరచు ప్రభువా" అనేవారు. మా ఇంట్లో చర్చికి వెళ్ళేవాళ్ళు ఎవరూ లేరు. సీటు బెల్టు పెట్టుకుని తల వంచుకుని కూర్చునేదాన్ని. పైకి చెప్పలేదు గానీ ఆ చివరి మాట కోసం చెవులు రిక్కించేదాన్ని.

మరీ దేవుడిలాంటి మనిషి అనుకోకండి. ఫోర్ ఓ వన్ హైవే మీద మధ్య లేన్‌లో ఎడ్లబండిలా నడిపేవారు. రేడియోలో ట్రాఫిక్ చెప్పేవాడితో పోట్లాడేవారు. ఈ కాలం పిల్లలకి ప్రోగ్రామింగ్ రాదని రోజుకొకసారైనా అనేవారు, పక్కన ఈ కాలం పిల్ల కూర్చునుందని గుర్తుండేది కాదు. ఒక్కసారి కూడా నా పనిని బాగుందనలేదు. బాగులేదు అనకపోతే బాగున్నట్టని నాకు నేను చెప్పుకునేదాన్ని.

నాకు అప్పగించిన పని ఆ భాషకి మాన్యువల్ మళ్ళీ రాయడం. పాతదాన్ని తీసుకుని కస్టమర్లు రాసుకున్న పద్ధతులతో పోల్చి చూస్తుంటే రెండో నెలలో ఒక వింత కనపడింది. కొన్నింట్లో మాన్యువల్‌లో లేని మాటలున్నాయి. ఎవరికీ తెలీదు అవేమిటో. ఏదో పొడి అక్షరాల సంక్షిప్తాలు అనుకునేవాళ్ళట. ఏళ్ళ తరబడి అనుభవం ఉన్నవాళ్ళు కూడా వాటిని ముట్టుకోకుండా పక్కనుంచి పోయేవాళ్ళు.

నేను చూడగానే చదివేశాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న తెలుగు మాటలవి. ఆగు. చూడు. పక్కన. వద్దు. మళ్ళీ. వెతికితే మొత్తం పదకొండు తేలాయి. మిస్సిసాగా ఆఫీసులో, ఒక జర్మన్ కారు విడిభాగాల గోదాము పద్ధతుల మధ్యలో, "ఆగు" అని కనపడితే నాకు ఎంత నవ్వొచ్చిందో చెప్పలేను. నవ్వు ఆపుకుంటూ మూల సీటు వైపు చూశాను. ఆయన తల ఎత్తలేదు.

సాయంత్రం కారులో అడిగాను. దొరికిపోయిన పిల్లాడిలా నవ్వారు.

"ఇంగ్లీషు మాటలైతే కస్టమర్లు పెట్టుకునే పేర్లతో కలిసిపోతాయమ్మా. టొరొంటోలో ఎవడైనా తన అరకి 'పక్కన' అని పేరు పెట్టుకుంటాడా చెప్పు."

అక్కడి నుంచి రోజుకో మాట చొప్పున చెప్పుకుంటూ వచ్చారు. "ఆగు" ఆయన తన కోసం పెట్టుకున్నది. పని నడుస్తుండగా మధ్యలో ఆపి, లోపల ఏం జరుగుతోందో చూసుకోవడానికి. అమ్మే ముందు తీసేద్దామనుకున్నారు, తీస్తే ఇంకేదో పాడైంది, అలాగే వదిలేశారు. "పక్కన" ఒక పూల కంపెనీ కోసం. మదర్స్ డే ముందు వాళ్ళ గోదాము నిండిపోతే ఒక్క పూటలో రాసిచ్చారు. ఆ పూట గడిచాక దాని సంగతి ఆ కంపెనీ తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. "మళ్ళీ" సగంలో ఆగిపోయినది. పూర్తిచేద్దామనుకుంటుండగానే ముగ్గురు కస్టమర్లు వాడటం మొదలుపెట్టారు.

"మరి మాన్యువల్‌లో ఎందుకు పెట్టలేదంకుల్?"

"మాన్యువల్‌లో ఎక్కిందంటే మాటిచ్చినట్టమ్మా. పదేళ్ళయినా అలాగే నిలబెట్టాలి. రాయందయితే రేపు మార్చుకోవచ్చు, తీసెయ్యొచ్చు. ఎవడూ నిలదియ్యడు."

"ఇరవై ఏండ్లలో ఒక్కటన్నా తీసేశారా మరి?"

"లేదు" అన్నారు.

నాకు అప్పుడే అర్థమైంది ఇందులో కాస్త అతిశయం కూడా ఉందని. ఏ గోదాములో ఏది ఆగిపోయినా చివరికి ఫోను ఆ మూల సీటుకే వచ్చేది. ఆయన రెండు నిమిషాలు ఏదో టైప్ చేసి సరిచేసేవారు. ఏం చేశారని అడిగితే భుజాలు ఎగరేసేవారు. ఆ ఎగరేయడంలో ఉన్న సంతోషం నేను చూశాను. అరవై దాటిన మనిషికి ఆఫీసులో మిగిలిన సంతోషం బహుశా అదొక్కటే.

పదకొండూ చెప్పడం అయ్యాక విట్బీ దగ్గర హైవే దిగుతూ అన్నారు, "ఇవి మనలో మాట."

"సరే అంకుల్" అన్నాను.

కో-ఆప్ ఇంక నెలన్నరలో అయిపోతుందనగా మేనేజరు నన్ను గదిలోకి పిలిచింది. మంచి మనిషే, ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడేది. ఒక పర్మనెంట్ పోస్ట్ ఉండొచ్చంది. అయితే కొత్త మాన్యువల్ నిజంగా సంపూర్ణంగా ఉంటే పైవాళ్ళని ఒప్పించడం తేలికంది. ఆ మాటలు, ఎవరికీ తెలియనివి, వాటి గురించి నాకేమైనా తెలిసిందా అని అడిగింది.

తెలీదనొచ్చు. కొన్ని తెలుసు, ఆయన్నే అడగండి అనొచ్చు. నేను అన్నది, "అన్నీ తెలుసు."

ఆ రెండు వారాలు నాకు నేను చెప్పుకున్న కారణాలకి లెక్కలేదు. ఆయన చేసిన గొప్ప పని మరుగునపడి ఉంది, వెలుగులోకి తెస్తున్నానన్నాను. కస్టమర్లకి మేలన్నాను. ఆయన రిటైరయితే ఈ జ్ఞానమంతా ఏమైపోతుందన్నాను. ఇవేవీ అబద్ధాలు కాకపోవడమే అసలు చిక్కు. కానీ టైప్ చేస్తున్నప్పుడు నా కళ్ళ ముందున్నది బేస్‌మెంట్ గోడ మీది టైమ్‌టేబుల్, పర్మిట్ మీది తారీఖు. కారులో అమ్మా అని పిలిచి తెలుగులో చెప్పినదంతా ఇంగ్లీషులో అధ్యాయం చేశాను. ఉదాహరణలు కూడా ఆయన చెప్పినవే.

ఏది రాసినా ఇంకొకరు చదివి ఒప్పుకోవాలని మా దగ్గర నియమం. నా అధ్యాయాన్ని సిస్టమ్ ఆయనకే పంపింది. అది నేను ముందు ఆలోచించలేదు. మధ్యాహ్నానికల్లా ఒప్పుకున్నట్టు టిక్కు పెట్టి పంపేశారు. ఒక్కచోట దిద్దారు. "చూడు" అనే మాట పెట్టె వచ్చాక పనిచేస్తుందని రాశాను, వచ్చేముందు అని మార్చారు. అంటే ప్రతి అక్షరం చదివారు.

మర్నాడు ఆరుంబావుకి కారు వచ్చింది. ప్రార్థనలో చివరి మాట కూడా వచ్చింది. దారి పొడుగునా రేడియో వాడితో పోట్లాడారు. నాతో మాత్రం ఆ అధ్యాయం గురించి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నేను ఏడ్చి క్షమాపణ అడిగేదాన్ని. తిట్టలేదు కాబట్టి, పట్టించుకోలేదులే అనుకునే వీలు నాకు దొరికింది, ఆ వీలుని వదలకుండా పట్టుకున్నాను.

వారంలో నాకు ఆఫర్ లెటర్ వచ్చింది. కారులో చూపిస్తే ఎర్రలైటు దగ్గర కళ్ళజోడు పైకి జరిపి మొత్తం చదివి, "ఇది స్కాన్ తీసి రెండుచోట్ల దాచుకో" అన్నారు.

ఇంకో మూడు వారాలకి, ఫిబ్రవరిలో, పొద్దున పదిన్నరకి ఆయన్ని మేనేజరు గదిలోకి పిలిచారు. లోపల హెచ్ఆర్ ఆవిడ కూడా ఉంది. పావుగంటలో బయటికొచ్చారు. ఎవరో అట్టపెట్టె తెచ్చిచ్చారు. నీలం స్వెటర్, కప్పు, ఆంటీ ఫోటో, బైబిల్ వాక్యాల క్యాలెండరు అందులో పెట్టుకున్నారు. అందరితో చేతులు కలిపారు. నా దగ్గరికి వచ్చినప్పుడు ఇంగ్లీషులో, "ఆల్ ది బెస్ట్" అన్నారు. ఆయన నాతో ఇంగ్లీషులో మాట్లాడింది అదొక్కసారే.

మధ్యాహ్నం మేనేజరు అందర్నీ కూర్చోబెట్టి, ఇది చాలాకాలంగా అనుకుంటున్నదే అంది. ఇంతకాలం ఒక్క మనిషి మీద ఆధారపడాల్సి వచ్చిందనీ, ఇప్పుడు అంతా రాతలో ఉంది కాబట్టి ఆ భయం లేదనీ అంది. ఆ మాట అంటూ నావైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపింది. నేను కూడా తల ఊపాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఐదింటికి బస్సు కోసం బయటికొచ్చాను. పక్క బిల్డింగ్ ముందు ఆయన కారు ఉంది. అద్దాలకి లోపల ఆవిరి పట్టి ఉంది. అద్దం దించి, "ఎక్కు, చలి" అన్నారు.

"ఇంటికి పోయి మళ్ళొచ్చిన్రా అంకుల్?"

"లేదు. ఇక్కడే ఉన్నా. మన పార్కింగ్‌లో ఉండకూడదన్నారు, ఇటు పెట్టా. నువ్వెలా వెళ్తావ్ మరి, మూడు మారాలి కదా."

పదకొండు నుంచి ఐదు దాకా, ఆ చలిలో, మధ్యమధ్యలో హీటర్ వేసుకుంటూ కూర్చున్నారు. టిఫిన్ బాక్సు వెనకసీట్లో అట్టపెట్టె పక్కన ఖాళీగా ఉంది. "ఆంటీకి చెప్పారా?" అంటే, "ఇంటికెళ్ళాక చెప్తా. రోజూ వెళ్ళే టైముకే వెళ్తే కంగారుపడదు" అన్నారు. స్టీరింగ్ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు ఆయన తన గురించి ఏమీ అడగలేదు. "ఈ బిడ్డకి ఉద్యోగం ఇచ్చావు, వందనాలు" అన్నారు.

ఏదో ఒకటి అనాలి. అంకుల్, నా వల్లనే, అనాలి. హైవే ఎక్కాం. ఆయనే మొదలుపెట్టారు.

"'మళ్ళీ' గురించి నీకొకటి చెప్పలేదు. పుస్తకంలో అది నీ పేరు మీద ఉంది కాబట్టి, తేడా వస్తే నిన్నే అడుగుతారు. విను. అది గోడ గడియారం చూసి పనిచేస్తుంది. నవంబర్‌లో టైము ఒక గంట వెనక్కి జరుపుతారు కదా, ఆ రాత్రి ఒకటికీ రెండుకీ మధ్య గంట రెండుసార్లు వస్తుంది. ఆ గంటలో పంపిన పెట్టెలన్నీ మళ్ళీ పంపమంటుంది. నేను ఏటా ఆ శనివారం సాయంత్రం ఇంటినుంచి లాగిన్ అయ్యి ఆపేసి, ఆదివారం చర్చినుంచి వచ్చాక పెట్టేవాణ్ణి."

"సరిచెయ్యలేమా?"

"చెయ్యొచ్చు. ఒక రోజు పని." వేగం ఇంకాస్త తగ్గించి, "చెయ్యలేదు" అన్నారు.

ఎందుకని నేను అడగలేదు. కాఫీ షాపు దగ్గర దింపి, రేపట్నుంచి ఫలానా టైము ట్రైను పట్టుకుంటే ఒక మార్పు తగ్గుతుందని చెప్పి వెళ్ళిపోయారు. నేను అనాల్సిన మాట నా నోట్లోనే ఉండిపోయింది.

అరవై దాటిన వాళ్ళని ఇంటర్వ్యూకి పిలిచేవాళ్ళు లేరు. వేసవిలో ఇల్లు అమ్మేసి ఇద్దరూ కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్ళేరోజు నాకు పరీక్ష ఉందని చెప్పి వెళ్ళలేదు. పరీక్ష లేదు.

ఆ నవంబర్‌లో, సరిగ్గా ఆ శనివారం, సాయంత్రం ఐదింటికి ఫోను. కాల్గరీ నంబరు.

"ఏమ్మా, బాగున్నావా. ఇవాళ గడియారం మారుతుంది, గుర్తుందా?"

నేను అప్పుడే లాప్‌టాప్ ముందు కూర్చుని దాన్ని ఆపుతున్నాను. మూడుచోట్ల ఆపాలి, మూడోది ఎక్కడుందో దొరక్క తంటాలు పడుతున్నాను. అడిగితే నిమిషంలో చెప్పేవారు. కానీ ఆయన ముందు చేతకానిదానిలా కనపడకూడదనిపించింది. ఈ వయసులో ఇంకా ఈ బెంగ ఎందుకు ఆయనకి అని కూడా అనిపించింది. ఈ రెండింట్లో ఏది ఎంతో నాకే తెలీదు.

"అది సరిచేసేసినమంకుల్. ఇంక ఎవరూ చూడాల్సిన పని లేదు. మాన్యువల్‌లో కూడా రాసేసిన."

అవతల దూరంగా ఎవరో పిల్ల ఇంగ్లీషులో తాతని పిలుస్తోంది.

"అలాగా. మంచిదమ్మా. అయితే ఇంక నాతో పనేం లేదన్నమాట." నవ్వారు. "సరే మరి, ఉంటాను."

ఫోను పెట్టేశాక తెలిసింది నేనేం చేశానో. ఆయన నాకు గుర్తుచెయ్యడానికి చెయ్యలేదు ఆ ఫోను. ఎక్కడుంది అంకుల్, దొరకట్లేదు, చెప్పండి అని నేను అంటానని చేశారు. ఏడాదికి ఒక్క సాయంత్రం తనతో పని ఉండాలని, ఇరవై ఏళ్ళు ఆ తప్పుని సరిచెయ్యకుండా అట్టేపెట్టుకున్న మనిషి. పదకొండు మాటలూ నేను పుస్తకంలోకి ఎక్కించేశాను. ఆయనకి మిగిలిన ఆ ఒక్క తప్పునీ నోటితో లాగేసుకున్నాను, రాయనైనా రాయకుండా.

తిరిగి ఫోను చెయ్యొచ్చు కదా అంటారు. చేస్తే అబద్ధం చెప్పానని చెప్పాలి. అది చెబితే ఏడో అధ్యాయం సంగతీ చెప్పాలి. మీటింగులో తల ఊపిన సంగతీ చెప్పాలి. ఇప్పుడు నాకు పీఆర్ వచ్చింది, బేస్‌మెంట్ పోయి సొంత అపార్ట్‌మెంట్ వచ్చింది, ఆ ధైర్యం మాత్రం రాలేదు.

కొత్తగా చేరినవాళ్ళు నన్ను అడుగుతుంటారు, మాన్యువల్‌లో లేనివి సాఫ్ట్‌వేర్‌లో ఎందుకుంటాయని. తీరిక లేక అంటాను, సగంలో ఆగిపోయి అంటాను, రాస్తే మాటిచ్చినట్టు అంటాను. అన్నీ ఆయన మాటలే. "మళ్ళీ"ని నేను ఇంతవరకు సరిచెయ్యలేదు, ఆ గడియారం సంగతి మాన్యువల్‌లో రాయనూ లేదు. ఒక రోజు పని.

ఆ తర్వాత వచ్చిన నవంబర్‌లో శనివారం నాలుగింటికే లాప్‌టాప్ తెరిచి, ఫోను పక్కన పెట్టుకుని కూర్చున్నాను. ఈసారి ఏమనాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. ఐదయింది, ఆరయింది. ఏడింటికి నేనే మూడుచోట్లా ఆపేసి, లాప్‌టాప్ మూసేశాను. ఫోను రాలేదు.